ఉదయపు దృఢత్వం

"మీకు ఉదయం పూట కీళ్లలో దృఢత్వం ఉంటుందా? ఉంటే ఎన్ని నిమిషాలు?"

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను తొలిదశలోనే పసిగట్టడానికని తెలుగులోకి తెచ్చిన ఒక ఆన్‌లైన్ ప్రశ్నావళిలో నాకు ఎదురైన ప్రశ్న ఇది. ఫోన్లో పదో పన్నెండో ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. చివర్లో ఆకుపచ్చో, పసుపో, ఎరుపో ఒక రంగు వస్తుంది. ఆ రంగే మన జాతకం. గుంటూరు జిల్లాలో ఉండే మా పిన్నికి నేనే చదివి వినిపించాను. "దృఢత్వమా? నాకెక్కడిదే! పొద్దున లేస్తే గుప్పిట మూసుకోదు. దృఢత్వం మీ బాబాయికుంది, ఆయన్నడుగు" అంది. మరిప్పుడు నేనేం నొక్కాలి? దృఢత్వం లేదని నొక్కితే ఆమెకు ఆకుపచ్చ రంగు వస్తుంది.

ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం బిగుసుకుపోవడం, కదలనీయకపోవడం. అనువదించింది మనిషో యంత్రమో తెలీదుగానీ నిఘంటువులో మొదట కనబడిన మాట తెచ్చి పెట్టేశారు. తెలుగులో దృఢత్వం ఒక సుగుణం. దృఢ శరీరం, దృఢ సంకల్పం! రోగలక్షణాన్ని సుగుణం పేరుతో అడిగితే ఏ ఆడమనిషి తనకు ఉందని ఒప్పుకుంటుంది? మా పిన్ని వీధిలో ఆడవాళ్లు ఈ బాధకు వాడే మాటలు నేను రాసుకున్నాను. కొయ్యబారడం, పట్టెయ్యడం, బిగదీసుకుపోవడం, చెయ్యి సాగకపోవడం, వేళ్లు మొద్దుబారడం. నొప్పికి వేరే మాటలున్నాయి. సలుపు, పోటు, తీపు, పీకుడు, జివ్వుమనడం. ఇవన్నీ ఒకటి కావు. సలుపు రాత్రంతా ఉంటుంది, పోటు వచ్చి పోతుంది. కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వవేత్త 1975లో రోగులు నొప్పికి వాడే మాటల్ని 78 ఏరి, 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి చేశాడు. ఇంగ్లీషు నొప్పికి ఆ గౌరవం దొరికింది. తెలుగు నొప్పికి దొరికింది "దృఢత్వం".

ఆన్‌లైన్ పరీక్షలు మానెయ్యమని నేను అనడం లేదు. ఈ జబ్బులో కాలం ఎంత విలువైందో నాకు బాగానే తెలుసు. మన రక్షణ వ్యవస్థే మన కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే జబ్బు ఇది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మందు మొదలుపెడితే చాలామందిలో కీళ్లు పాడవకుండా ఆపొచ్చు. ఎముక అరగడం చాలామందికి మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది, అరిగిన ఎముక తిరిగి రాదు. మొదటి మందు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునేది, ఖరీదైనదీ కాదు. అంటే ఆడవాళ్ల చేతులు వంకర్లు పోవడానికి కారణం మందు లేకపోవడమూ కాదు, చాలాసార్లు డబ్బు లేకపోవడం కూడా కాదు. ఆలస్యం. ఆ ఆలస్యానికి మందు ఫోన్‌లో ఉందని ఇప్పుడు చెబుతున్నారు. రోగికి అవగాహన లేదు, అడిగేవాళ్లు లేరు, మేం అడుగుతాం అంటున్నారు. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడకుండా చెబుతున్న మాట ఇది.

నాకు ఈ జబ్బు ఉంది. పిహెచ్‌డి థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్న రోజుల్లో, బాబు పుట్టిన ఐదో నెలలో, రెండు చేతులకూ వేళ్ల మొదళ్లు వాచాయి. ఒక చెయ్యి ఇంకో చేతికి అద్దం పట్టినట్టు. ఇంట్లో పెద్దవాళ్లు "పచ్చి బాలింతవి, చన్నీళ్లలో చేతులు పెట్టావు, వాతం చేసింది" అన్నారు. యూనివర్సిటీలో "టైపింగ్ ఎక్కువైంది" అన్నారు. మొదట చూపించుకున్న క్లినిక్‌లో "కాల్షియం తక్కువ, బాలింతలకు మామూలే" అన్నారు. వీళ్లలో ఒక్కరు కూడా నా చెయ్యి పట్టుకుని చూడలేదు. వేళ్ల మొదళ్ల దగ్గర చేతిని రెండు పక్కలనుంచీ కలిపి నొక్కితే ప్రాణం లేచొచ్చేది. రుమటాలజీలో చాలా చిన్న పరీక్ష అది, యంత్రం అక్కర్లేదు, పావు నిమిషం పట్టదు. అది నాకు జరగడానికి పదకొండు నెలలు పట్టింది. కుడి మణికట్టు ఇప్పుడు పూర్తిగా వంగదు.

ఆ మధ్యలో ఒక రాత్రి ఇంగ్లీషులో ఉన్న ఇలాంటి పరీక్షే నేనూ చేసుకున్నాను. "ప్రమాదం తక్కువ" అని వచ్చింది. ఈమధ్య ప్రసవం అయిందా అని అది నన్ను అడగలేదు. ప్రసవం తర్వాతి సంవత్సరంలో ఈ జబ్బు మొదలయ్యే అవకాశం పెరుగుతుందని వైద్యానికి తెలియనిది కాదు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1930లలోనే గర్భిణుల్లో ఈ జబ్బు తగ్గి, ప్రసవం తర్వాత తిరగబెట్టడం గమనించాడు. శరీరంలోనే ఏదో మందు తయారవుతోందన్న ఊహకు అదొక ఆధారమైంది. 1948లో ఈ జబ్బుకు కార్టిజోన్‌ను మొట్టమొదట ఇచ్చింది దీనితో మంచం పట్టిన 29 ఏళ్ల స్త్రీకి. 1950లో హెంచ్‌కీ మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె వైద్య చరిత్రలో "మిసెస్ జి"గా మిగిలింది. ఆడవాళ్ల శరీరాలనుంచి నేర్చుకున్న సంగతి ఆడవాళ్లను అడిగే ప్రశ్నల్లో లేకుండా పోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు సంగతి ఇంకోటుంది. మామూలు అరుగుదల నొప్పి పని చేసేకొద్దీ పెరుగుతుంది. రుమటాయిడ్ నొప్పి దానికి తలకిందులు. విశ్రాంతిలో బిగుస్తుంది, కదిలేకొద్దీ కొంత సడలుతుంది. పొద్దున ఐదింటికి మంచం దిగలేని మనిషి తొమ్మిది దాటేసరికి వంటింట్లో తిరుగుతూ కనిపిస్తుంది. దీన్ని ఇంట్లోవాళ్లు ఏమంటారో వేరే చెప్పాలా? "పొద్దున లేవడానికి ఒళ్లు బద్ధకం. ఎండెక్కాక బాగానే ఉందిగా!" వైద్యుడికి కీలకమైన లక్షణం అత్తింట్లో సోమరితనానికి రుజువవుతుంది. ఆమె కూడా అదే నమ్ముతుంది. పని చేస్తే పోయే నొప్పి నొప్పా అనుకుంటుంది, ఇంకాస్త పొద్దున్నే లేస్తుంది, వేణ్ణీళ్లతో గిన్నెలు తోముతుంది. వేడికి వేళ్లు సాగుతాయి. ఇక ప్రశ్నావళి వచ్చి "లేచాక ఎన్ని నిమిషాలు?" అంటుంది. ఎన్ని నిమిషాలని చెబుతుంది? మంచం మీద కూర్చుని గడియారం చూసుకునే ఉదయం ఆమెకు ఏనాడైనా ఉందా? పాలు కాచే వేళకు వేళ్లు సాగుతున్నాయా, పిల్లలు బడికెళ్లే వేళకా, మధ్యాహ్నం అన్నాల వేళకా అని అడిగితే మా వీధిలో ఎవరైనా తడుముకోకుండా చెబుతారు.

రోజువారీ పనుల గురించిన ప్రశ్నలైతే మరీ ఘోరం. కీళ్ల వైద్యంలో ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నావళి 1980లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో తయారైంది. జబ్బును కనిపెట్టడానికి కాదది, జబ్బు మన పనుల్ని ఎంత దెబ్బతీసిందో కొలవడానికి. కొత్త పాల కార్టన్ తెరవగలరా, పళ్లెంలో మాంసం కోసుకోగలరా, టబ్బు స్నానం చేయగలరా, కారు తలుపు తీయగలరా... ఆ దేశంలో ఆ ప్రశ్నలు సబబే. 2002లో మనదేశపు వైద్యులు దీన్ని మన రోజుకు తగ్గట్టు మార్చి, పరీక్షించి ప్రచురించారు. చీర కట్టుకోవడం, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోవడం, ఆటో ఎక్కి దిగడం, కూరగాయల బజారుకి వెళ్లడం అందులోకి వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటిపోయింది. నేను చూసిన తెలుగు ప్రశ్నావళి ఆ దారి తొక్కనే లేదు. "పాల పెట్టె తెరవగలరా" అని అడుగుతోంది! పాల ప్యాకెట్‌ను పళ్లతో కొరికి చింపుతానంది మా పిన్ని. తెరవగలరు అని నొక్కాల్సిందేగా మరి?

నవ్వొచ్చినా అసలు చిక్కు అక్కడే ఉంది. "చేయగలరా?" అన్న ప్రశ్నకు ఇంటి ఇల్లాలి జవాబు ఎప్పుడూ "అవును" అనే. చేయలేకపోతే ఎవరు చేస్తారు? జాతీయ గణాంక కార్యాలయం 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి దాంట్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ 289 నిమిషాల్లో ఆమె కుక్కర్ మూతను కొంగు చుట్టి తీస్తుంది, తడి బట్టల్ని పంపుకు మెలేసి పిండుతుంది, బిందెను మోచేతి వంపులో ఇరికిస్తుంది. చేయగలుగుతూనే ఉంది! "ఎలా చేస్తున్నారు? ఆరునెలల కిందట కూడా ఇలాగే చేసేవారా?" అని అడిగితే తప్ప జబ్బు బయటపడదు. ఉంగరం వేలికి ఎక్కడం మానిందా, గాజులు మార్చుకోవడం కష్టమైందా, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఎవరినైనా పిలుస్తున్నారా, ముగ్గు గీత మధ్యలో తెగుతోందా, అన్నం కలిపి ముద్ద చేయలేక చెంచా పట్టుకున్నారా. ఇవీ వాచిన వేళ్లను పట్టిచ్చే ప్రశ్నలు. వీటికోసం రుమటాలజీ చదవనక్కర్లేదు. ఏదైనా ఒక వంటింట్లో ఒక పొద్దున కూర్చుంటే చాలు.

పైగా ఆ ఫోన్ ఎవరిది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లు 48.8, 57.9. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉండొచ్చు. ఇంట్లో ఫోన్ పెరగడం వేరు, అది ఆమె చేతికి ఒంటరిగా పది నిమిషాలు దొరకడం వేరు. ఈ పరీక్షలు వయసు, కుటుంబంలో ఎవరికుంది, ప్రసవాలు, అబార్షన్లు, వాడుతున్న మందులు అడుగుతాయి. మొగుడి ఫోన్లో, కొడుకు పక్కన కూర్చుని చదివి పెడుతుంటే ఏ జవాబు నిజమవుతుంది? పెళ్లికాని పిల్లయితే "కీళ్లవాతం" అన్న మాట సంబంధాలు చూసేవాళ్ల చెవిన పడుతుందన్న భయం సరేసరి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, సమ్మతి లేకుండా సమాచారం వాడకూడదంటుంది. బొటనవేలితో "నేను అంగీకరిస్తున్నాను" నొక్కించే చెయ్యి ఎవరిదో ఆ చట్టం ఎలా చూస్తుంది?

సరే, అన్నీ సక్రమంగా నింపారనుకుందాం. యంత్రం సరిగ్గా చెబుతుందా? 2021లో జర్మనీనుంచి వచ్చిన ఒక పరిశీలనలో రుమటాలజీ క్లినిక్‌కు కొత్తగా వచ్చినవాళ్లతో ఇలాంటి రెండు సాధనాలను పరీక్షించారు. వాటిలో ఒకటి, వాపుతో కూడిన కీళ్లజబ్బులు నిజంగా ఉన్న ప్రతి వందమందిలో దాదాపు 54 మందిని మాత్రమే పట్టుకుంది. లేనివాళ్లలో దాదాపు 52 శాతాన్ని మాత్రమే లేదని సరిగ్గా చెప్పింది. రెండోదీ పెద్దగా మెరుగేం కాదు. బొమ్మా బొరుసూ వేసినా ఇంచుమించు ఇంతే! ఆ పరిశోధకులు దాచకుండా ప్రచురించారు, అది వాళ్ల నిజాయితీ. కానీ ఇక్కడ మనకు అమ్మేటప్పుడు ఆ అంకెల్ని ఎవరూ చెప్పడం లేదు.

ఆ సాధనాలకు మన ఊళ్ల సంగతులూ తెలియవు. 2005 చివర్లో మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా ఊపేసింది. జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి చేతి కీళ్లు వాచి, పొద్దున బిగుసుకుపోయేవి. అచ్చం రుమటాయిడ్ లాగే. ఆ తర్వాత కూడా ఆ జ్వరం వచ్చిపోతూనే ఉంది. నల్గొండలో తాగేనీటి ఫ్లోరైడ్ ఎముకలనే బిగించేసింది. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు రోజంతా ఒకే కదలికలో అరుగుతాయి. గుంటూరు పొలాల్లో మిరపకాయలు కోసే చేతులూ అంతే. ఇందులో ఎవరిది జ్వరం మిగిల్చిన వాపు, ఎవరిది నీళ్లు చేసిన బిగువు, ఎవరిది పని నొప్పి, ఎవరిది రుమటాయిడ్? చెయ్యి పట్టుకుని చూడాలి, రక్తపరీక్ష చేయాలి, కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి. రక్తపరీక్ష నెగటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. తొలిదశలో అలా చాలామందికి వస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నాలుగు రోజులు వాపును దాచేస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ప్రశ్నావళి నింపితే మళ్లీ ఆకుపచ్చే.

నాకు భయం కలిగించేది ఎరుపు కాదు, ఆ ఆకుపచ్చే. ఎరుపు వస్తే మహా అయితే ఒక ప్రయాణం ఖర్చు. ఆకుపచ్చ వస్తే? "ఏమీ లేదు" అనే గొంతులు ఇంటినిండా ఉన్నాయి. అత్తగారంటుంది, మొగుడంటాడు, క్లినిక్‌లో ఆయనా అంటాడు. ఇప్పుడు వాటికి కంప్యూటర్ గొంతు తోడవుతుంది. దాన్ని కాదనడానికి ఆమె దగ్గర తన నొప్పి తప్ప ఇంకేం ఉంది?

దీంట్లో మన వాటా కూడా కొంత ఉంది. మనమంటే సాహిత్యంలో ఉన్న ఆడవాళ్లం. శరీరం గురించి తెలుగులో నోరు విప్పింది మన ముందు తరం. జయప్రభ "పైటను తగలెయ్యాలి", కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్", విమల "వంటిల్లు" చదివి పెరిగినవాళ్లం. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన "నీలిమేఘాలు" మీద ఎన్ని ఎంఫిల్‌లు, ఎన్ని పిహెచ్‌డీలు వచ్చాయో! నాదీ ఆ దారిలోదే. కానీ మన సెమినార్లలో స్త్రీ శరీరమంటే గర్భసంచి, రొమ్ములు, యోని. చెయ్యి గురించి మాట్లాడితే అది చాకిరీకి ప్రతీక. చెయ్యి ప్రతీకే కాదు, వాచే అవయవం, ఎక్స్‌రేలో అరిగిన గట్లు కనబడే అవయవం. దాన్ని వైద్యులకు వదిలేశాం, వాళ్లు అనువాదకులకు వదిలేశారు. 1991లో అన్వేషి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన "సవాలక్ష సందేహాలు" గుర్తుంది కదా. వైద్యులూ, వైద్యులు కాని ఆడవాళ్లూ కలిసి కూర్చుని ఆడవాళ్ల మాటల్లో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి రాసుకున్న పుస్తకం. అలాంటి పని జరిగిన భాషలోనే ఇవాళ "ఉదయపు దృఢత్వం" చెల్లుబాటైపోతోంది. తెలుగు శాఖల్లో అనువాద అధ్యయనాల పేరుతో పేపర్లు చదివేవాళ్లలో ఒక్కరైనా ఆస్పత్రి ఫారాల భాషను ముట్టుకున్నారా?

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన ఒక స్నేహితురాలు, ఆవిడా అధ్యాపకురాలే, "ఏమీ లేనిదానికన్నా ఇదైనా మేలు కదా. హైదరాబాదు నిమ్స్‌లాంటి చోట రుమటాలజీ విభాగం ఉంది, ఆదిలాబాద్ తండాకు, పాడేరు కొండకు ఎవరొస్తారు? ఫోనేగా వెళ్లేది?" అంది. నిజమే, ఈ జబ్బు నిపుణులు పెద్ద నగరాల్లోనే ఉన్నారు. అందుకే అడుగుతున్నాను, పాడేరులో ఫోన్ ఎర్రరంగు చూపించాక ఆమె ఎక్కడికెళ్లాలి? ఆ రంగుకు జవాబుదారీ ఎవరు? వైద్యుడికి చేరే దారి వేయకుండా భయాన్ని మాత్రం ఇంటికి చేర్చడం ఏం మేలు?

పైగా "ఏమీ లేదు" అన్నది నిజం కాదు. మనిషే వెళ్లి అడిగిన పద్ధతి ఈ దేశంలోనే ఉంది. మహారాష్ట్రలో పుణె జిల్లా భిగ్వాన్‌లో 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో రూపొందిన కాప్‌కార్డ్ పద్ధతిలో, శిక్షణ ఇచ్చిన కార్యకర్తలతో ఇంటింటికీ తిరిగి నాలుగువేలకు పైగా పెద్దవాళ్ల కీళ్లనొప్పుల గురించి అడిగింది. నొప్పి ఉన్నవాళ్లను వైద్యులు చూశారు. ప్రతి రెండువందల మందిలో ఇంచుమించు ఒకరికి రుమటాయిడ్ ఉందని తేలింది. అడిగిన మనిషీ, చూసిన వైద్యుడూ ఒకే వరసలో ఉన్నారు కాబట్టి ఆ అడగడానికి ఒక అర్థముంది.

ఇక్కడ ఆ మనిషి ఇప్పటికే ఉంది. ముప్పై దాటిన ప్రతివాళ్ల దగ్గరా ఆశా కార్యకర్త నింపాల్సిన ఫారం ఒకటుంది. బీపీ, షుగర్, క్యాన్సర్ల ముప్పు కనిపెట్టడానికి ఉద్దేశించింది. అందులో "చేతులతో, వేళ్లతో వస్తువులు పట్టుకోవడం కష్టంగా ఉందా?" అన్న ప్రశ్న కూడా ఉంది. చదివి ఎగిరి గంతేశాను. తీరా చూస్తే అది కుష్టును కనిపెట్టడానికి. అవునంటే ఆ దారిలోనే పంపుతారు. పెన్ను పట్టుకుని ఆమె ఇంట్లో కూర్చునే ఉంది, చెయ్యి గురించి అడుగుతూనే ఉంది! ఆ ప్రశ్న కిందే ఇంకో మూడు చేర్చమని అడగడానికి మనకేం అడ్డం? పొద్దున గుప్పిట మూసుకోవడానికి ఏ వేళవుతోంది? రెండు చేతుల వేళ్లూ వాచి ఆరు వారాలు దాటిందా? బాలింతవా, ఈ ఏడాదిలో కాన్పు అయిందా? అడిగాక వేళ్ల మొదళ్లు ఒకసారి కలిపి నొక్కి చూడమని ఆశాలకు నేర్పాలి. ఆ అదనపు పనికి వాళ్లకు అదనంగా డబ్బివ్వాలి, వాళ్ల చేతులూ ఆడవాళ్ల చేతులే. అవునన్న మనిషిని నెలలోపు చూసే రుమటాలజిస్టు జిల్లా ఆస్పత్రికి నెలకు రెండుసార్లైనా రావాలి. రాలేని చోట జిల్లా ఆస్పత్రి డాక్టర్ ఆమె చెయ్యి పట్టుకుని చూస్తూ, ఆ పెద్ద డాక్టర్‌తో వీడియోలో మాట్లాడాలి. ఇంటర్నెట్‌కు అసలు పని అక్కడుంది.

ప్రశ్నల భాష మాత్రం మనం రాయాలి. నా దగ్గర ఇప్పటికి గుంటూరు వైపు మాటలే ఉన్నాయి. శ్రీకాకుళంలో, పాలమూరులో, చిత్తూరులో, గోండు, కోయ ఇళ్లలో పొద్దున కదలని చేతిని ఏమంటారో నాకు పంపండి. మీ అమ్మల్నీ, ఇంట్లో పనికొచ్చే ఆమెనూ, బస్సులో పక్కసీటు ఆమెనూ అడిగి, వాళ్లు ఎలా అంటే అలాగే దిద్దకుండా రాయండి.